బాలమణి కప్పిన గొంగడి

మా పొరుగింటి బాలమణి పేరెత్తితే క్రషర్ గురులింగప్ప తుపుక్కున ఉమ్మేసేవాడు. అతని పేరెత్తితే ఆమె చెప్పు తీసేది. మొగుడంపల్లి దారిలో ఆమె కందిచేనును ఆనుకొనే అతని కంకర క్రషర్. ఆ రొదకు ఆమె చెవుల్లో ఎప్పుడూ ఒకటే హోరు. బర్రె పాలు చేపడం మానేసింది.

రెండేళ్లు జహీరాబాద్ ఆఫీసుల చుట్టూ తిరిగి పోరితే, చివరికి పొల్యూషన్ ఆఫీసు నుంచి సురేశ్ అనే ఉద్యోగి వచ్చి కొట్టం పక్కన గుంజ పాతి, పైన రొద కొలిచే మైకు, కింద పెట్టె బిగించాడు.

“కావలి అక్కర్లేదవ్వా. రెండు నెలలు ఇదే వింటది. రోజూ పొద్దున తనను తానే చెక్ చేసుకొని, మంచిగున్ననని ఆఫీసుకు మెసేజ్ పంపుతది. రొద హద్దు దాటితే క్రషర్‌కు మళ్ల పర్మిషన్ ఇయ్యరు.”

తన పరీక్ష తానే రాసుకొని తానే మార్కులేసుకునే పెట్టె! ఎండలో తిరిగే పని తప్పింది, ఆఫీసువాళ్లకు అంతకంటే ఏం కావాలి?

ఆ సాయంత్రమే మొదటి వాన పడితే బాలమణి గుంజ దగ్గరికి పరుగెత్తింది. మైకు తడిసి చెడిపోతే గురులింగప్ప పండగ చేసుకుంటాడు. బోరు స్టార్టర్ డబ్బాకు మేమంతా చేసేదే ఆమె మైకుకు చేసింది. పాత గొంగడి నాలుగు మడతలు వేసి చుట్టి, పైన యూరియా సంచి తొడిగి, సుతిలితో బిగించింది. వాన వచ్చిన ప్రతిసారీ ముడి చూసుకొని వచ్చేది.

రెండు నెలలకు సురేశ్ కాగితం తెచ్చాడు. రొద హద్దులోనే ఉందట.

“గానికి అమ్ముడువోయినవా?” అని బాలమణి మీదపడింది.

“జర ఆగవ్వా! అరవై రోజులు, ఒక్కరోజు తప్పకుంట మంచిగున్నదనే మెసేజ్ వచ్చింది!” క్రషర్ రొదలో అతను అరిచి చెప్పాల్సి వచ్చింది.

ఆమె అతని చెయ్యి పట్టి గుంజ దగ్గరికి ఈడ్చింది. సురేశ్ తలెత్తి చూశాడు.

“గిది ఎవరు కట్టిన్రు?”

“నేనే. తడుస్తదని.”

“చెక్ అంత తీగల లోపట్నే అయితదవ్వా. పైన మూత కట్టి రొద ఆపినా దానికి తెల్వది.”

“దానికి తెల్వకపోతే నువ్వన్న వచ్చి సూడాలె గద! సరే, మళ్ల పెట్టు.”

“పర్మిషన్ నిన్ననే ఇచ్చేసిన్రు. ఐదేండ్లకు.”

ఆ ఆఫీసు పేరు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బాలమణి మాత్రం సుతిలి విప్పి గొంగడి దించింది. దాన్ని తన చెవులమీదుగా తలకు చుట్టుకొని, చెంబు పట్టుకొని, చేపని బర్రె దగ్గర కూర్చుంది.