మొగిలయ్య పడిన పడటాలు

పడటంలో మొగిలయ్యను మించినవారు పంజగుట్టలోని ఆ వృద్ధుల నివాసంలో లేరు. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి, అమీర్‌పేట చౌరస్తాలో ఎన్ని సడన్ బ్రేకులు పడ్డా తూలని మనిషి, డెబ్బై ఆరో ఏట వారానికి మూడుసార్లు పడేవాడు. బనియను మాత్రం నలిగేది కాదు.

అక్కడ పెద్దవాళ్ళ చేతికి ఒక పట్టీ కడతారు. మనిషి పడితే అది కనిపెట్టి కింద ఆఫీసులో అలారం మోగిస్తుంది. ఇన్‌చార్జి మంజూష రెండంతస్తులు ఎక్కి పరుగెత్తేది. వరండాలో మొగిలయ్య తల కింద తువ్వాలు పెట్టుకుని మరీ పడి ఉండేవాడు.

"పడ్డ బిడ్డా. నాకేం గాలే. ఎట్లాగూ వచ్చినవ్ గద, పక్క రూంల టీచరమ్మను సుత జర సూసి పో."

ఆ టీచరమ్మ నాగేశ్వరి పట్టీ కట్టించుకోదు. "నేనేమన్నా ఖైదీనా?" అనేది. మంజూష వెళ్ళేసరికి నేల మీద కూర్చుని ఉండేది. "కళ్ళజోడు వెతుక్కుంటున్నానమ్మా. కాస్త చెయ్యివ్వు."

ఒక సోమవారం మంజూష ఇలా పైకి ఉరికినప్పుడే కింది గదిలో ఉండే కామరాజు గారు నిజంగా జారిపడి మోకాలు చీరుకున్నారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. భోజనాల హాల్లో అందరి ముందే విరుచుకుపడింది.

"ఇది ఆటనా తాతా? జర సిగ్గనిపిస్తలేదా?"

పట్టీ విప్పి తీసేసుకుంది. నలుగురూ నవ్వారు. ఆయన కంచంలోకి చూస్తూ, "తప్పయింది బిడ్డా" అన్నాడు.

మర్నాడు అలారం మోగలేదు. సాయంత్రం టీ వేళ మొగిలయ్యే గోడ పట్టుకుని, రొప్పుతూ మెట్లు దిగి వచ్చాడు.

"జల్ది రా బిడ్డా, నేను పైన పడ్డ!"

"పైన పడితే కింద ఎట్లున్నరు తాతా?"

ఆయన మెట్ల వైపు చెయ్యి చూపించాడు. మంజూషకు జవాబు దొరికింది. ఉరికింది.

నాగేశ్వరి మంచానికీ బీరువాకూ మధ్య పడి ఉంది. మోచెయ్యి వాచింది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

"పడేది నేనమ్మా" అంది, మొహం పక్కకు తిప్పుకుని. "కళ్ళు తిరుగుతున్నాయని తెలిస్తే నన్ను నర్సుల వార్డుకు మార్చేస్తారని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. నేను గోడ కొడితే ఆయన పట్టీ ఉన్న చెయ్యి నేలకేసి కొట్టి, పడుకునేవారు. చివరికి మాటలు కూడా ఆయనే పడ్డారు."

ఎన్నిసార్లు చెయ్యిచ్చి లేపింది! ఒక్కసారైనా ఆ ముక్కు వంక చూసిందా? మంజూషకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం అదే హాల్లో, అందరి ముందూ మొగిలయ్య చేతికి పట్టీ తిరిగి కట్టింది. "తప్పు నాదే తాతా. సిగ్గు నాకుండాలె" అంది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

మొగిలయ్య కంగారుపడ్డాడు. "నీదేం తప్పు బిడ్డా? పడ్డది నేను గాదా?"

అప్పుడు నాగేశ్వరి కుర్చీలోంచి మెల్లగా లేచి, మోచేతికి కట్టు లేని రెండో చెయ్యి పైకెత్తింది. మణికట్టుకు కొత్త పట్టీ ఉంది.

"ఇక చాలండీ మొగిలయ్య గారూ" అంది అందరికీ వినబడేలా. "నా పడటాలు నేనే పడతాను."