రొట్టె చప్పుడు

మా జహీరాబాద్ హార్మోనియం మాస్టరు చిన్నాచితకా సినిమాలకు సంగీతం చేసేవాడు. కథ వింటూ మోకాలిపై వేలితో తాళం వేసేవాడు. వేలు ఆగిందంటే ఆ సినిమా ఒప్పుకోడు. ఒకసారి పట్నం దర్శకుడు పెద్ద సినిమా కథ చెప్పాడు. తల్లి ఒంటరిగా అరచేతులతో టపటపా జొన్నరొట్టె కొట్టే ఘట్టంలో వేలు ఆగింది. వద్దన్నాడు. వారం తిరక్కుండా పనికిమాలిన దయ్యం సినిమాకు తలూపాడు!

“పేరొచ్చే సినిమా ఇడిసిపెడ్తివి, పిచ్చి లేసిందా నీకు?” అని మండిపడ్డాను.

“రొట్టెకు సప్పుడున్నది గద భాయ్, నేనెందుకు? దయ్యానికే పాపం ఏ సప్పుడూ లేదు” అన్నాడు.

ఆయన పేరు ఊరు దాటకుండానే ఆయన పోయాడు. మొన్న ఫోనులో ఆ పెద్ద సినిమా చూశాను. రొట్టె ఘట్టంలో వయొలిన్లు హోరెత్తాయి. రొట్టె చప్పుడు వినబడనే లేదు. కోపం ఎవరిమీద పెట్టుకోవాలో నాకిప్పటికీ తెలియడం లేదు.