జొన్నరొట్టె ముందు నిలవని జిగురు

గద్వాల బస్టాండు పక్కన మందుల దుకాణంలో నిన్న, కట్టుడు పళ్లకు పెట్టే పేస్టు అడిగితే, యజమాని ఒక కొత్త ట్యూబు నా చేతిలో పెట్టి "రోజంతా కదలదు తాతా, గ్యారంటీ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎవరి రోజు? పాలలో బన్ను నానబెట్టుకుని తినేవాడి రోజా? ఈ జిగుర్లను పరీక్షించిన మహానుభావులు ఒక్కసారైనా నాగర్‌కర్నూల్‌లో మా అక్క కొట్టిన జొన్నరొట్టె కొరికి చూశారా?

నేను చూశాను. అమ్మ పోయాక ఆ రుచి అక్క చేతిలోనే మిగిలింది. ఎప్పుడు పోయినా అంచులు కరకరలాడే రొట్టె పెనం మీంచి తీసి పెట్టేది. పళ్లు కట్టించుకున్న నాటి నుంచి ఆ రొట్టె మళ్లీ నమలాలన్నదే నా పంతం. మొదట కట్టుడు పళ్లకు జిగురు పొడి చల్లుకుని పోయాను. వేడి చాయ్‌కే అది కరిగి, పైపళ్ల పలక నాలుక మీదికి దిగింది. "ఏంరా తమ్మీ, రొట్టె నముల్తున్నవా, పళ్లే నముల్తున్నవా?" అని అక్క ఒకటే నవ్వు. మరోసారి పేస్టు. చాయ్‌కి ఓర్చింది, పైపలకను బాగానే పట్టింది. మొదటి ముక్కకే కిందిది లేచింది. ఆ తర్వాత పలకకు అతికించే బట్ట పట్టీలు. కిందిపలకకు ఇవే నయం అనుకుంటుండగా, పట్టీ ముక్క ఊడి రొట్టెతోపాటు బయటికొచ్చింది. అక్క మొహం చిన్నబోయింది. "నా పిండిల బట్టపేలిక ఎట్లొచ్చెరా?" ఆ కంపెనీవాడు అప్పుడు ఎదురుగా ఉంటే ఏమనేవాడినో!

చివరికి అక్కే తుమ్మబంక నానబెట్టి తెచ్చింది. "చిన్నప్పుడు చినిగిన పుస్తకాలు దీంతోనే గద అతికిచ్చినం. ఊడినయా? పెట్టుకో." పెట్టుకున్నాను. ఒక ముక్క నమిలాను, ఇంకోటీ నమిలాను. అక్క చప్పట్లు కొట్టింది. ఆ సంబరంలో చాయ్ తాగాను, అంతే. బంకంతా కరిగి గొంతులోకి జారింది. "ఇగ జావ పోస్త తియ్" అంది. ఆ మాటకు నా ప్రాణం చివుక్కుమంది.

వనపర్తి పళ్ల డాక్టరు చూసి, "చిగుళ్లు అరిగినయి పెద్దాయనా, పలక వదులైంది. ఏ జిగురు పెట్టినా గింతే" అన్నాడు. ఈ ఒక్క ముక్క ఏ డబ్బా మీదా రాయరేం? పలకలు సరిచేయించుకున్నాను. ఇప్పుడు రవ్వంత పేస్టుకే రెండూ బిగిసి కూర్చుంటున్నాయి. పోయిన వారం ఆ ధీమాతోనే అక్క దగ్గరికి పోయాను. ఆమె పిండిముద్ద ముందు పెట్టుకుని కూర్చుంది. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, చేతులు వణికి రొట్టె పగిలింది.

"నాతోని అయితలేదు తమ్మీ. ఇద్దరం జావే తాగుదాం."

తాగాను. పళ్లు ఇసుమంతైనా కదలలేదు. వాటిని నిలబెట్టే జిగురు కోసం నేను ఊళ్లు తిరుగుతుంటే, కాలం వెళ్లి అక్క చేతుల మీద కూర్చుంది.