వరసలో నాలుగో గ్లాసు

రాజోలు దగ్గర మా అత్తవారి ఊళ్ళో, కల్లు దిగడం మొదలైన వారంలో ఒక ముచ్చట ఉండేది. మామూలు రోజుల్లో మావగారు చెట్లన్నిటి కల్లూ ఒకే కుండలో కలిపేసి దుకాణానికి పంపేవారు. ఆ వారంలో ఒక పొద్దున మాత్రం ఏ చెట్టుది ఆ ముంతలోనే ఉంచి, నురగ తీసేసి, అరుగు మీద గాజు గ్లాసుల్లో వరసగా పోయించేవారు. అల్లుడు ఒక్కొక్కటీ రుచి చూసి ఏది ఏ చెట్టుదో చెప్పాలి. ఆ వరసలో ఎక్కడో ఒకచోట తరవాణి గ్లాసు కూడా దూర్చేవారు. ఇంట్లో అత్తయ్యగారు గంజీ అన్నమూ పులియబెట్టిన ఆ నీళ్ళు చూడ్డానికి కల్లులాగే ఉంటాయి. అది తాగి చెట్టు పేరు చెప్పిన అల్లుణ్ణి ఏడాది పొడుగునా ఆటపట్టిస్తారు.

తొంభైల చివర, పెళ్ళైన కొత్తలో, నేను ఆ గ్లాసుని నోటిదాకా రానిచ్చేవాణ్ణి కాదు. ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది అత్తయ్యగారి చెట్టుదండి" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. కొడుక్కి లేని ముక్కు అల్లుడికుందని మావగారు నలుగురిలో చెప్పుకునేవారు. నాకూ గర్వంగానే ఉండేది.

తర్వాత గల్ఫ్ వెళ్ళాను. నూనె ట్యాంకుల్లోకి దిగి రంగు కొట్టే పని. మొదటి యేడు థిన్నరు వాసనకి అన్నం సహించేది కాదు. రెండో యేడు సహించింది. అలవాటు పడ్డానని సంబరపడ్డాను, వెర్రివాణ్ణి. ఒకరోజు నా వీపు వెనకే చేపల పులుసు మాడిపోతుంటే పక్కగది వాళ్ళు పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆపారు. నాకు తెలియలేదు. నాలుకకి తీపి, పులుపు, కారం తెలుస్తున్నాయి. ముక్కుకి ఏమీ లేదు. డాక్టరు టార్చి వేసి చూసి ఆ పని మానెయ్యమన్నాడు. మానేసి ఏం తినాలో చెప్పలేదు.

బాధపడ్డానా అంటే, లేదు. కాలు విరగలేదు, చెయ్యి పోలేదు, ఇంటికి ఫోన్లో చెప్పడానికి ఏముంది అనుకున్నాను. తిరిగి వస్తూ బొంబాయిలో దిగినప్పుడు తోటివాళ్ళు మూడు రకాల బీర్లు తెప్పించి, తలా కొంచెం గ్లాసుల్లో పోసి, ఏది బాగుందని వాదించుకున్నారు. నాకు మూడూ చల్లగా ఉన్నాయి, మూడూ గొంతులో చురుక్కుమన్నాయి. మధ్యది బాగుందన్నాను. మా ఆవిడ కోసం మూడు రకాలనుకుని రంగులు చూసి కొన్న సెంటు సీసాలు మూడూ ఒకే వాసనట. ఆవిడ నవ్వింది కానీ, నా మొహంలోకి రెండుసార్లు చూసింది.

నేను వెళ్ళాక పుట్టిన మా అమ్మాయి అప్పటికి నడుస్తోంది. నన్ను చూసి ఏడవలేదు, దగ్గరికీ రాలేదు. కొన్నాళ్ళకి చంకెక్కింది. దాన్ని ఎత్తుకుని తల ముద్దు పెట్టుకుంటే ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టుండేది. అందుకు మాత్రం భయం వేసింది. ఇక వెళ్ళకూడదనుకున్నాను.

మావగారికి మోకాళ్ళు అరిగిపోయాయి. కూలికి మనిషిని పెట్టి చెట్లు గీయిస్తున్నారు. బావమరిదికి చెట్టంటే భయం. నేనూ చెట్టెక్కేవాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణే గనక, చెట్లు నాకిమ్మని అడిగాను. ముందు తొలి కల్లు చూడండన్నారు. అది వట్టి వేడుక కాదు. ఒక్క ముంత తేడా చేసినా, పసిగట్టకుండా కలిపితే కుండంతా పారబోసుకోవాలి. ముక్కు పనిచెయ్యనివాడికి ఆయన చెట్లు ఇవ్వరు. ఇవ్వకపోతే నాకు మళ్ళీ ట్యాంకులే.

ఆ యేడు గ్లాసులు సర్దింది మా ఆవిడ. మొదటిది తియ్యగా ఉంది. కాలవ గట్టుదన్నాను, ముందు ఆ చెట్టుదే పోస్తారని తెలుసు. రెండోది ఇంకా తియ్యగా ఉంటే ముంజలు కాసే పెంటితాటిదన్నాను. మూడోది గుడ్డిగా చెప్పాను, తగిలింది. మావగారు తల ఊపుతున్నారు. నిండా మునిగినవాడికి చలేమిటని నాలుగోది ఎత్తి దాదాపు అంతా తాగేశాను. కాస్త పులుపు.

"తోట వెనక చెట్టుదండి. పులుపెక్కింది."

మావగారు తల ఊపడం ఆపారు. "అది ఇంత పొద్దున్నే పులవదే" అంటూ గ్లాసు కోసం చెయ్యి చాపారు.

ఆయన చెయ్యి రాకముందే మా ఆవిడ పిల్లతో సహా వంగి గ్లాసు తీసుకుంది. అడుగున ఒక అన్నం మెతుకు నాకు కనబడింది. అదీ తరవాణీ కలిపి ఒక్క గుక్కలో మింగేసింది.

"తోట వెనకదే నాన్నా. తరవాణి పెట్టడం మర్చిపోయేను."

ముచ్చట మర్చిపోతే ఎలాగమ్మా అని ఆయన కాస్త విసుక్కుని, చెట్టెక్కే మోకు తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇహ మీవేనండి అల్లుడుగారూ" అన్నారు. నాకు సంతోషం రాలేదు. మోకు బరువు తెలిసింది, అంతే.

వంటింట్లో మా ఆవిడ ఎప్పట్నించని అడిగింది. చెప్పాను. ఎందుకు దాచానని అడగలేదు. రోజూ పొద్దున్నే తనూ చెట్ల దగ్గరికి వస్తానని, ముంతలు తను చూసి చెబుతానని, నాన్నకి తెలియనివ్వనని అంది. అంటూ పిల్ల మూతి తుడుస్తున్నది ఆగిపోయింది.

"రోజూ దీని తల ముద్దు పెట్టుకుంటున్నారు కదండీ. అదీ తెలీట్లేదా?"

"తెలీట్లేదు."

ఆవిడ పిల్ల నెత్తి మీద ముక్కు ఆనించి కాసేపు ఉంది. "ఇప్పుడైతే కొబ్బరినూనె, మట్టీనండి" అంది. "చంటప్పుడు పాలవాసనొచ్చేది. మీరొచ్చేదాకా ఉంటుందనుకున్నాను. మొన్నటేడే పోయింది."

అప్పుడు ఏడుపొచ్చింది. ముక్కు పోయిందని తెలిసిన రోజు రానిది, వంటింటి గడప మీద కూర్చుని, మోకు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. నాన్న ఏడుస్తున్నాడని పిల్ల వెళ్ళి వాళ్ళ తాతని పిలుచుకొచ్చింది.