రాక్షసి బొగ్గు మీద సాంబ్రాణి

కెనడాలో స్విచ్ నొక్కితే చాలు, ఇల్లంతా వెచ్చబడిపోతుందని నాకు చెప్పినవాళ్ళు ఇప్పుడు కనిపిస్తే కడిగిపారేద్దును. కేప్ బ్రెటన్‌లో మాకు దొరికిన ఇంటి హాల్లో గోడకు ఒక పాత పొయ్యిగూడు, ఆ గూట్లోకి దూర్చి బిగించిన ఇనుపపెట్టె, దానికి గాజు తలుపు. ఇంటికంతటికీ వేడి అదే. అందులో పొద్దునా సాయంత్రం రాక్షసి బొగ్గు వెయ్యాలి. ఎంబీయే చదువుదామని విమానమెక్కి వచ్చి బొగ్గు మోస్తున్నానేమిట్రా భగవంతుడా అని మొదటివారమంతా ఏడుపొక్కటే తక్కువ.

అయినా నోరెత్తితే ఒట్టు. మన పిల్లలు విమానాల కొద్దీ దిగుతున్న రోజులవి. తెలిసిన అబ్బాయిలు ఒక బేస్‌మెంట్‌లో వంతులేసుకుని నిద్రపోతున్నారు. అలాంటప్పుడు ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ నాకూ నా రూమ్మేట్‌కీ మేడమీద గది ఇస్తానంటే, బొగ్గేం ఖర్మ, కొండనైనా మోస్తాం. ఆవిడ భర్త బతికుండగా గనిలో పనిచేసేవాడట. ఆ ఇనుపపెట్టె బిగించింది ఆయనే.

నా రూమ్మేట్‌ది కొత్తగూడెం. "బొగ్గు గురించి నాకు చెప్తున్నవా? మా ఊరు బతికేదే బొగ్గు మీద" అని మొదటిరోజే పెత్తనం తీసుకుంది. తీరా చూస్తే, లారీల్లో పోతుంటే చూడడమే తప్ప బొగ్గును ముట్టుకున్న పాపాన పోలేదు. కుంపటిని కెలికినట్టు పైనుంచి కెలికి, అట్టముక్కతో విసిరి, నిప్పు చల్లారబెట్టి కూర్చుంది. పెద్దావిడ వచ్చి దాని చేతిమీద ఒక్కటేసింది. పైన ముట్టుకోకూడదట. కింద బూడిద దులిపితే గాలి అడుగునుంచి అందుకుంటుందట. అలా నేర్చుకున్నాక ఇల్లు బాలింతరాలి గదిలా వెచ్చగా ఉండేది.

ఇంటికి ఒకే శత్రువు, పొగ అలారం. ఎండుమిర్చి పోపు వేస్తే చాలు, కెవ్వుమనేది. రెండోసారి మోగినప్పుడు పెద్దావిడ కొడుకు పక్కవీధిలోని తన ఇంటినుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఇంకొక్కసారి మోగిందా, మోగించినవాళ్ళు ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే" అన్నాడు. ఆరోజు నుంచి పోపులేని పప్పు తిన్నాం. మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది?

ఆ చలికాలంలో ఒక ఆదివారం ఇద్దరం తలంటు పోసుకున్నాం. రూమ్మేట్‌ది నడుము దాటిన జుట్టు, ఎంతకీ ఆరదు. వాళ్ళమ్మ సూట్‌కేసులో సాంబ్రాణి పొట్లం పెట్టింది. "ఇంట్ల ఇన్ని నిప్పులు పెట్టుకొని హెయిర్ డ్రయ్యర్ ఎందుకే?" అంది. నా బుద్ధి గడ్డి తిని, నిజమే కదా అన్నాను. పటకారుతో రెండు నిప్పుముక్కలు తీసి ఇనుపమూకుట్లో వేసి, సాంబ్రాణి చల్లి, పైన పేముబుట్ట బోర్లించాం.

వాసనకి పెద్దావిడ వచ్చింది. ఆవిడా అప్పుడే స్నానం చేసిందేమో, తలకి తువ్వాలుంది. పెద్దవాళ్ళుండగా మనం ముందా అని ఆవిడనే కూర్చోబెట్టి, తెల్లని జుట్టు బుట్టమీద పరిచాం. ఆవిడ కళ్ళు మూసుకుని, "చర్చిలో ఉన్నట్టుంది తల్లీ" అంది. మా ఇద్దరికీ ఎంత గర్వమో!

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. మన ఇళ్ళల్లో సాంబ్రాణి వేసేది కట్టెబొగ్గు మీద. ఇది రాక్షసి బొగ్గు, అదీ సగం కాలింది. బయటి గాలి తగిలేసరికి పసుప్పచ్చని పొగ గుప్పుగుప్పున చిమ్మింది. హాల్లోకి రైలింజను వచ్చిందా అన్నట్టు గంధకం కంపు. ఆపైన అలారం.

"సచ్చినం!" అంది రూమ్మేట్. నేను నిప్పుల్ని మళ్ళీ పెట్టెలోకి తోసి కిటికీలు తెరిచాను. అదే క్షణంలో వీధితలుపూ తెరుచుకుంది. ప్రతి ఆదివారంలాగే ఆ వారానికి బొగ్గుబస్తా భుజాన వేసుకుని కొడుకు వచ్చాడు. బస్తా దించకుండా పొగని, మూకుడిని, మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు.

బయట మోకాలిలోతు మంచు. సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఎవరి గుమ్మం తొక్కాలి? ఏడుపు తన్నుకొచ్చింది.

"తప్పు మాదే అంకుల్" అంది రూమ్మేట్ ముక్కు చీదుతూ. అంత ఏడుపులోనూ వరస మాత్రం మరవలేదు.

పెద్దావిడ లేవలేదు. బుట్టమీది జుట్టు అలాగే ఉంచి కొడుకు వైపు తల తిప్పింది.

"మోగించినవాళ్ళు ఖాళీ చెయ్యాలన్నావుగా. ఈ పొగ వేయించుకున్నది నేను. సాయంత్రానికల్లా సామాను సర్దుకుంటాను. నువ్వు ఊళ్ళోకి వెళ్ళి నాకో గది చూసిరా నాయనా. దొరకడం చాలా కష్టమని ఈ పిల్లలు చెబుతున్నారు."