మూడు తూర్లు పిలవాల

"ఇల్లు కనబళ్లేదని చెప్పేయమ్మా. పేపర్లో ఓ మూల ఏస్తారు, అయిపోతాది."

"ఉండే ఇంటిని లేదని ఎట్లా చెప్పేది రా?"

"ముప్పై ఏండ్లుగా మొగం సూపించని మనిషికి నోటీసు యాల? చిన్నమ్మొచ్చి భాగమడిగితే?"

"అడగనీ. మైదా మాడతాండాది, జరుగు."

మదనపల్లెలో నాకూ నా కొడుకుకూ జరిగిన పోట్లాట ఇది. మా అమ్మ పుంగనూరు ఇల్లూ నాలుగెకరాలూ నా పేర వీలునామా రాసి పోయింది. దాన్ని కోర్టులో వేస్తే, వీలునామా లేకుంటే హక్కుండే వాళ్లందరికీ కబురు పోవాలట. నేను కాక అట్లాంటిది ఒక్కతే, అమ్మను కాదని పెళ్లాడి కుప్పం పోయిన నా చెల్లెలు ఈశ్వరి. పెళ్లైన కొత్తలో అది ఇంటి అడ్రసుతో రాసిన కార్డు నా పెట్టెలోనే ఉంది. మరుసటి రోజు కోర్టు మనిషికి ఆ ఇల్లు నేనే చూపించాలి. ఇంట్లో ఎవరూ లేకుంటే తలుపుకు నోటీసు అంటించాలట; దానికి బంక కొనడం దండగని మైదాతో ఇంట్లోనే కాస్తున్నాను. ఆ ఉడుకు వాసనకు మునిస్వామప్ప గుర్తొచ్చాడు.

ఆయన కోర్టు అమీనా, నోటీసులు ఇంటింటికీ చేర్చేవాడు. నేను పుంగనూరులో పెళ్లికి ఎదిగిన పిల్లగా ఉన్నప్పుడు మా పక్కింట్లో ఉండేవాడు. మూడో తరగతితో బడి మానేసిన నా చేత నోటీసుల్లోని పేర్లు చదివించేవాడు. "పేరు తప్పు చదివితే మనిషిని తప్పించినట్టేమ్మా" అనేవాడు. ఒకనాడు ఎదురుగా తాళం వేసిన ఇంటి ముందు నిలబడి మూడుసార్లు పేరు పిలిచాడు. ఒక్కొక్క పిలుపుకూ మధ్య చాలాసేపు ఆగాడు.

నాకు నవ్వొచ్చింది. "తాళానికి సెప్తాండావా అప్పా?"

ఆయన నవ్వలేదు. "ముసిలోళ్లు లేసి తలుపుకాడికొచ్చే దాకా ఆగల్ల గదమ్మా. పేపర్లో ఏసేది కోర్టు కోసరం. పిలిచేది మనిషి కోసరం."

కాసేపు తలుపుకు చెవి ఆనించి, తల ఊపి, అప్పుడు కాగితం అంటించాడు. ఆయన ఏం విన్నాడో నేను అడగలేదు.

కుప్పంలో ఈశ్వరి ఇంటికి తాళం ఉంది. తాళం మీద తుప్పు. కోర్టు మనిషి గబగబా కాగితం అంటించి, ఫొటో తీసుకుని బస్సుకు పోయాడు. మిట్టమధ్యాహ్నం, వీధిలో కాకి కూడా లేదు. నేను నిలబడి పిలిచాను. ఆగాను. మళ్లీ పిలిచాను. మూడోసారికి లోపల కాళ్లీడ్చుకుంటూ ఎవరో నడిచి, తలుపు అవతల ఆగారు.

"వస్తాండా అక్కా."

అది ఈశ్వరి గొంతే. తలుపు తెరుచుకోలేదు. తడి కాగితం మీద చెయ్యి పెట్టి నేను చాలాసేపు నిలబడ్డాను. తర్వాత చప్పుడేమీ లేదు.

మరునాడు పొద్దున మదనపల్లెలో మా గుమ్మంలోకి ఒక పిల్ల వచ్చింది. ఈశ్వరి ముక్కు, ఈశ్వరి నుదురు. అంగళ్లులో ఉద్యోగమట. ఇన్నాళ్లూ మాకు ఇంత దగ్గర్లోనే ఉంది.

"పెద్దమ్మా, అమ్మ పోయి ఐదేండ్లాయ. ఆ ఇంటికి అప్పుట్నించీ తాళమే," అంది. చేతిలోని ఫోనులో మా నోటీసు ఫొటో ఉంది. "ఎదురింటామె పంపించింది. 'నిన్న మీ అమ్మ లోపల్నించి ఎవురికో పలికింది, ఒకతూరి వచ్చి సూడు' అనె. నోటీసులో మీ అడ్రసు సూసి ముందు ఈడికొచ్చినా."

నా కొడుకు కుర్చీ లాగి ఆ పిల్లకు వేశాడు. కాఫీ తాగినాక ముగ్గురం వకీలు దగ్గరికి పోయాం. కోర్టు కాగితంలో ఈశ్వరి పేరు పక్కన చనిపోయినట్టూ, దాని కింద వారసురాలిగా కూతురి పేరూ రాయించాను. రాసినదాన్ని నేనే పైకి చదివాను, మూడుసార్లు, మధ్యలో ఆగుతూ.