ఫైనల్ లెసన్ నాడు నేనాడిన అబద్ధం

ఏళ్లుగా ఈ బరువు నాతోనే ఉంది. మా ఆయనకు తెలియదు. నా పిల్లలకు తెలియదు. నాతో బి.ఇడి. చదివిన స్నేహితురాళ్లకు సగం తెలుసు, కానీ ఆ సగం వాళ్లకు తప్పుగానే తోచదు. మీకు పూర్తిగా చెబుతాను. ఒక్క షరతు. విన్నాక నన్ను ఓదార్చకండి. "పోనీలెండి, చిన్న వయసు" అనే మాట నాకు వద్దు. వయసు చిన్నదే, బుద్ధి మాత్రం బాగానే పనిచేసింది.

బి.ఇడి. చదివినవాళ్లకు ఫైనల్ లెసన్ సంగతి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. కోర్సు చివర్లో, మేము శిక్షణ కోసం వెళ్లిన బడికే బయటి నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. ఆయన ముందు పిల్లలకు ఒక పాఠం చెప్పాలి. ఆ పాఠాన్ని ముందురోజే ఆ పిల్లలకే ఒకసారి చెప్పి పెడతాం. వాళ్లతో ఒక ఒప్పందం కూడా చేసుకుంటాం. ఏ ప్రశ్నకైనా అందరూ చెయ్యి ఎత్తాలి. జవాబు తెలిసినవాళ్లు కుడి చెయ్యి, తెలియనివాళ్లు ఎడమ చెయ్యి. మేము కుడి చేతులవాళ్లనే లేపుతాం. చూసేవాడికి తరగతి తరగతంతా మెరికల్లా కనిపిస్తుంది. ఇది సిలబస్‌లో లేదు. సీనియర్లు నేర్పుతారు, అందరూ నేర్చుకుంటారు. నేనూ నేర్చుకున్నాను.

మేము వెళ్లిన బడి లాడ్ బజార్ వెనక ఒక సందులో ఉండేది. నాకు ఎనిమిదో తరగతి సైన్సు ఇచ్చారు. అందులో సరిత అనే పిల్ల. వాళ్లమ్మ ఇంట్లో కూర్చుని లక్కగాజులకు రాళ్లు అతికించేది. సరితకు నత్తి. మొదట్లో నోరే విప్పేది కాదు. నత్తి ఉన్న పిల్లలతో ఎలా మెలగాలో మా సైకాలజీ పేపర్లో నేను చక్కగా రాసినదాన్నే. తొందరపెట్టకూడదు, వాళ్ల మాట మనం పూర్తి చేయకూడదు, ఎదురు చూడాలి. రాయడమే కాదు, చేశాను కూడా. ఆ పిల్ల చెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది నా క్లాసులోనే. అదే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

నా ఫైనల్ లెసన్ గాలి పీడనం. బేగంబజార్‌లో మా బాపు దుకాణం నుంచి ఒక స్టీలు గ్లాసు తీసుకెళ్లాను. గ్లాసు నిండా నీళ్లు పోసి, పైన అట్టముక్క పెట్టి తలకిందులు చేస్తే నీళ్లు పడవు. రిహార్సల్ నాడు ఎందుకు పడలేదని అడిగితే ఎవరికీ తట్టలేదు. సరిత లేచింది. కింది నుంచి గాలి నెడుతోందని చెప్పడానికి తనకు చాలాసేపు పట్టింది. ఎక్కడా చదివి కాదు, అక్కడే నిలబడి ఆలోచించి చెప్పింది. అందరిచేతా చప్పట్లు కొట్టించాను. తర్వాత స్టాఫ్ రూంలో కూర్చుని ఆ ఆలస్యం గురించే భయపడ్డాను. ఎగ్జామినర్ ముందు అంతసేపు పాఠం ఆగిపోతే?

బడి వదిలాక సరితను పిలిచి, రేపు నువ్వు ఎడమ చెయ్యి ఎత్తాలన్నాను. ఏదో అడగబోయింది. నేను ఎదురు చూడలేదు. ఒక్క రోజే కదా బిడ్డా అని చెప్పి పంపించేశాను.

మర్నాడు గ్లాసు తలకిందులు చేసి ప్రశ్న వేశాను. చేతులన్నీ లేచాయి. కుడి చెయ్యి ఎత్తిన ఒకబ్బాయిని పిలవబోతుంటే ఎగ్జామినర్ ఆపాడు.

"ఆ రెండో బెంచీ పిల్లను లేపమ్మా. మొదటిసంది చెయ్యి దించుతలేదు."

సరిత లేచి నా వైపు చూసింది.

"చెప్పు బిడ్డా," అన్నాడాయన.

"తెల్వదు సార్."

ఆ ఒక్క మాటా ఎక్కడా తట్టుకోకుండా వచ్చింది.

"తెల్వకుంటే చెయ్యెందుకు ఎత్తినవ్? ఏందమ్మా ఇది? ఎత్తుమని నువ్వు గిట్ల చెప్పినవా?"

"లేదు సార్, అది గంతే. దానికేం రాదు. అందరు ఎత్తుతున్నరని ఊకె ఎత్తుతది."

తరగతి నవ్వింది. సరిత కూర్చుంది. ఇందాక నేను పిలవబోయిన అబ్బాయి లేచి, ముందురోజు సరిత చెప్పిన జవాబునే గడగడా అప్పజెప్పాడు. ఎగ్జామినర్ తలూపాడు.

ఏం పోయేది నాకు? "ఆ పిల్లకు తెలుసు సార్, కాస్త టైం ఇవ్వండి" అంటే ఏం పోయేది? మా ఇంట్లో ఉద్యోగానికి వెళ్లబోయే మొదటి ఆడపిల్లను నేను, తప్పితే దుకాణంలో కూర్చోవాల్సి వచ్చేది, నిజమే. కానీ ఆ క్షణంలో అవేవీ నాకు గుర్తు రాలేదు. పట్టుబడతానని భయం వేసింది, చేతికి దగ్గరగా ఉన్న పిల్లను ముందుకు తోశాను. అంతే. మా శిక్షణ ముగిసేదాకా ఇంకొన్ని రోజులు అదే తరగతికి వెళ్లాను. సరిత మళ్లీ ఏ చెయ్యీ ఎత్తలేదు. పేరు పెట్టి పిలిచి ఉండవచ్చు. పిలవలేదు. అప్పటికే ఆ బడి సైన్సు సారు, ఫైనల్ లెసన్ నాడు తరగతిలోనే ఉండి నా మాట విన్నవాడు, తనను చివరి బెంచీకి మార్చేశాడు. నాకు ఫస్ట్ క్లాస్ వచ్చింది. ఇంట్లో మిఠాయిలు పంచారు, నేనూ తిన్నాను.

ఇప్పుడు నేనే టీచర్లు కాబోయేవాళ్లకు పాఠాలు చెబుతాను. మంచి టీచర్‌నే, ఆ మాట అనడానికి నాకు సిగ్గు లేదు. కుడి ఎడమల ఒప్పందం నా విద్యార్థులు ఎవరూ చేయకూడదంటే చాదస్తమంటారు. అందరం చేసిందే కదా, ఇప్పుడీ లొల్లి ఎందుకని తోటివాళ్లు అంటారు. అందరూ చేశారు కాబట్టే రాస్తున్నాను. మా వృత్తి పరువు పోతుందంటే పోనివ్వండి.

సరితను వెతికి క్షమాపణ అడగమంటారా? అడగను. అడిగితే తను నా ముందు నిలబడి, కష్టపడి మాట కూడదీసుకుని, పర్లేదు టీచర్ అనాల్సి వస్తుంది. నా కోసం ఒకసారి అబద్ధం చెప్పింది. మళ్లీ చెప్పించను.

తెలియదని తను అన్నది, ఏమీ రాదని నేను అన్నాను. ఆ రెండు అబద్ధాలూ నావే. ఇది రాశాక గుండె కొంచెం తేలికైంది. ఆ తేలికకు నీకు అర్హత లేదని మీరు అంటే అనండి, నేను వాదించను. రాసింది మాత్రం కొట్టేయను.